అటెన్‌బరో: ఒక అరుదైన ఇంగ్లిష్ ఇంటిపేరు పుట్టుక, వ్యాప్తి, ఒక కేసు

ఆయన మొదటిసారి వచ్చినప్పుడు చేతిలో ఒక కాగితపు చుట్ట ఉంది. విప్పి టేబుల్ మీద పరిస్తే నాలుగడుగుల పొడవుంది. వాళ్ల తాతగారు చాలా ఏళ్ల కిందట తన చేత్తో గీసిన వంశవృక్షం అది. కింద పిల్లలు, మనవలు గుంపుగా ఉన్నారు. పైకి పోయేకొద్దీ మనుషులు పలచబడ్డారు. అన్నిటికంటే పైన ఒక్క గడి మాత్రమే ఉంది. అందులో పేరు లేదు, "మొదటి అటెన్‌బరో" అని రాసి ఉంది.

ఆయన మూడు ప్రశ్నలు తెచ్చుకున్నారు. ఈ పేరు ఎక్కడిది? ఈ పేరున్న మేమంతా ఒక్కడి సంతానమేనా? టీవీలో జంతువుల గురించి చెప్పే డేవిడ్ అటెన్‌బరో మాకు చుట్టమా? మూడోదానికి అప్పుడే జవాబు చెప్పేశాను. వాళ్లు అడగకుండా ఇంకో కుటుంబం కాగితాలు నేను తవ్వను, అచ్చులో ఇప్పటికే ఉన్నంతవరకే మాట్లాడతాను అన్నాను. ఆయన ఒప్పుకున్నారు. మిగతా రెండు ప్రశ్నల మీద దాదాపు ఏడాది పని చేశాం. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఆయన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేను ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటాను. వంశచరిత్రలు వెతికిపెట్టడం నా పని. ఇంటిపేరు అంటే మన తెలుగువాళ్లకు ఉన్న పట్టింపు నాకూ ఉంది. పెళ్లి సంబంధం దగ్గర మొదట అడిగేది ఇంటిపేరే. పాలివాళ్లలో ఎవరైనా పోతే మైల పట్టేదీ ఇంటిపేరును బట్టే. అందుకే ఈ కేసు మొదలుపెట్టినప్పుడు నాకు కొన్ని సంగతులు ముందే తెలుసు అనుకున్నాను. వాటిలో ఒకటి బాగా ఉపయోగపడింది, ఒకటి దారి తప్పించింది.

ఊరు ముందా, పేరు ముందా

నాటింగ్‌హామ్ నగరానికి నైరుతిగా ఏడు కిలోమీటర్ల దూరంలో, ట్రెంట్ నది ఒడ్డున అటెన్‌బరో అనే చిన్న ఊరుంది. సెయింట్ మేరీ పేరుతో పాత రాతి చర్చి ఉంది. 17వ శతాబ్దపు ఇంగ్లిష్ అంతర్యుద్ధంలో పార్లమెంటు పక్షాన్ని నడిపిన క్రామ్‌వెల్‌కు అల్లుడు, అదే యుద్ధంలో సేనాని అయిన హెన్రీ ఐర్టన్ 1611లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఊరి పక్కన కంకర తవ్వగా పడ్డ గుంటలు నిండి చెరువులయ్యాయి. ఇప్పుడవి పక్షుల ఆశ్రయం. 1966లో దాన్ని ప్రారంభించింది డేవిడ్ అటెన్‌బరో. ఊరికీ ఆయనకీ పేరు కలిసింది కాబట్టి పిలిచారని చాలామంది అనుకుంటారు. కలవడం కాదు, ఆ పేరు ఆ ఊరిదే.

ఇక్కడే మా క్లయింట్‌తో మొదటి వాదన వచ్చింది. వాళ్ల ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే మాట వేరు. పాత ఇంగ్లిష్‌లో "అటెన్" అంటే "దగ్గర" అని, "బరో" అంటే కోట అని, కాబట్టి కోట దగ్గర కాపురం ఉన్న మనిషికి ఆ పేరు వచ్చిందని. కోట దగ్గరుండేవాడు అంటే అంతో ఇంతో గొప్పవాడై ఉంటాడని వాళ్ల తాతగారి ఊహ.

ఇది తీసిపారేసే మాట కాదు. ఇంగ్లిష్‌లో అలా పుట్టిన పేర్లు చాలా ఉన్నాయి. అడవి దగ్గరవాడు ఎట్‌వుడ్ అయ్యాడు. నీళ్ల దగ్గరవాడు ఎట్‌వాటర్ అయ్యాడు. ఓక్ చెట్ల దగ్గరవాణ్ణి "అటెన్ ఓక్స్" అనేవాళ్లు. పలకగా పలకగా ఆ చివరి న్ జారి చెట్టుకు అంటుకుని నోక్స్ అయింది. యాష్ చెట్టు దగ్గరవాడు అదే దారిలో నాష్ అయ్యాడు. ఆ వరసలో పెడితే అటెన్‌బరో అచ్చంగా అతికినట్టే కనిపిస్తుంది.

కానీ రెండు అడ్డంకులున్నాయి. పాత ఇంగ్లిష్‌లో కోటకు మాట "బుర్హ్". అది స్త్రీలింగం. స్త్రీలింగ పదం ముందు "దగ్గర" అనే మాట "అటెన్"గా కాక "అటర్"గా నిలబడుతుంది. కాబట్టి కోట దగ్గరవాడి పేరు ఎటర్‌బరీ కావాలి. ఎటర్‌బరీ అనే ఇంటిపేరు నిజంగానే ఉంది, అది వేరే పేరు. రెండో అడ్డంకి ఊరి పేరు పాత రూపం. 12వ శతాబ్దపు రాతల్లో ఈ ఊరిపేరులో ట లేదు, డ ఉంది. "అడిన్‌బుర్హ్" లాంటి రూపం అది. అంటే ముందున్నది "దగ్గర" అనే మాట కాదు, అడ్డ అనో ఎడ్డి అనో ఒక మనిషి పేరు. అడ్డ గారి కోట. ఆ డ తర్వాతి కాలంలో ట అయింది. అలా మారాకే జనానికి అందులో "అటెన్" వినిపించడం మొదలైంది.

ఈ మాట చెప్పినప్పుడు ఆయన ముఖం కొంచెం వాడింది. నాకు బాధనిపించింది. అప్పుడే మన సంగతి చెప్పాను. కందుకూరి వీరేశలింగం పంతులుగారి పూర్వీకులు కందుకూరు నుంచి వచ్చినవాళ్లు. గురజాడ అప్పారావుగారి ఇంటిపేరు కృష్ణా జిల్లాలోని గురజాడ అనే ఊరిది. ఊరిపేరు ఇంటిపేరుగా ఉండటం మాకు తక్కువతనం కాదు, మా సాహిత్యమంతా ఆ పేర్లతోనే ఉంది అన్నాను. పైగా తెలుగు ఒక పని చేసింది, ఇంగ్లిష్ చెయ్యలేదు. కందుకూరు ఊరు, కందుకూరి ఇంటిపేరు. ఆ చివరి "రి"లోనే "ఆ ఊరికి చెందిన" అనే అర్థం భద్రంగా ఉంది. ఇంగ్లిష్‌లో కూడా మొదట్లో "జాన్ డి ఫలానా" అని రాసేవాళ్లు. ఆ "డి" ఊడిపోయింది. ఊరూ మనిషీ ఒకే అక్షరాలతో మిగిలారు. ఆ ఊడిపోయిన "డి" వల్లే ఆరు వందల ఏళ్ల తర్వాత నాకు వారాల తరబడి పని పెరిగింది.

ఎందుకంటే అటెన్‌బరో పాత పారిష్‌లో, అంటే ఆ చర్చి కిందికి వచ్చే ఇలాకాలో, పక్కనున్న చిల్వెల్, టోటన్ ఊళ్లు కూడా ఉండేవి. ఆ మూడు చోట్లా పుట్టినవాళ్ల బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు అన్నీ అటెన్‌బరో రిజిస్టర్లోనే ఉంటాయి. కంప్యూటర్ ఇండెక్సులో ఆ పేరు కొడితే వేల ఎంట్రీలు వచ్చి పడతాయి. వాటిలో చాలావరకు ఆ పారిష్‌లో పుట్టిన స్మిత్‌లు, టేలర్లే. ఊరి గడిని మూసి, ఇంటిపేరు గడిలోనే వెతకాలి. స్పెల్లింగులు కూడా విడివిడిగా కొట్టాలి. అటెన్‌బరో, అటెన్‌బరొ, అటెన్‌బర్రో అంటూ గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. తాతగారి చార్టులో అన్నదమ్ములుగా ఉన్న ఇద్దరి పేర్లు రిజిస్టర్లో రెండు రకాలుగా ఉన్నాయి. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు ఇక్కడ సగం మనుషుల్ని పోగొట్టుకుంటారు.

ఊరు విడిచినవాడికే ఊరిపేరు

ఇంకో సంగతి మన వైపు నుంచి నాకు ముందే తెలుసు, ఈ కేసులో అది చాలా పనికొచ్చింది. ఊళ్లో ఉన్నవాణ్ణి ఆ ఊరిపేరుతో ఎవరూ పిలవరు. అందరూ ఆ ఊరివాళ్లే అయినప్పుడు ఆ పేరుకు పనేముంది? ఊరు దాటి పక్క ఊరికో, పట్నానికో పోయినప్పుడే "ఫలానా ఊరి నుంచి వచ్చినవాడు" అంటారు. అంటే అటెన్‌బరో అనే ఇంటిపేరు పుట్టింది అటెన్‌బరోలో కాదు. ఆ చుట్టుపక్కల ఏ స్టేపిల్‌ఫర్డ్‌లోనో, నాటింగ్‌హామ్ సంతవీధిలోనో పుట్టి ఉండాలి.

అలాంటప్పుడు ఒక్కడే ఊరు విడిచాడని ఎలా అనుకుంటాం? ఇంగ్లండ్‌లో ఇంటిపేర్లు తండ్రి నుంచి కొడుక్కి స్థిరపడింది ముఖ్యంగా 13, 14 శతాబ్దాల్లో. దక్షిణాన ముందు, ఉత్తరాన కాస్త ఆలస్యంగా. ఆ వందా నూటయాభై ఏళ్లలో ఒక పారిష్ నుంచి ఎంతమంది వలస పోయి ఉంటారు? ఒకరికొకరు చుట్టరికం లేనివాళ్లకు కూడా అదే పేరు పడుతుంది. మనలోనూ ఒకే ఇంటిపేరున్న రెండు కుటుంబాలకు రెండు గోత్రాలు ఉండటం అందరూ చూసేదే. ఊరు ఒకటే, బయల్దేరిన మనుషులు వేరు. ఇంగ్లిష్‌వాళ్లకు గోత్రం లేదు. రక్తం వేరని చెప్పే రెండో గుర్తు వాళ్ల దగ్గర చాలాకాలం లేకుండా పోయింది.

ఈ మాట విని క్లయింట్, "మరి ఆ మొదటి గడి?" అని అడిగారు. అందులో ఒకరి కంటే ఎక్కువమంది ఉండొచ్చు అన్నాను.

వ్యాప్తి గురించి

కాగితాల దారి ఇది. 1538 నుంచి ఇంగ్లండ్‌లో ప్రతి పారిష్‌లో రిజిస్టర్ పెట్టాలని ఆజ్ఞ వచ్చింది. 1837 జూలై నుంచి జనన మరణాలు ప్రభుత్వం రాసుకోవడం మొదలైంది. 1841 నుంచి సెన్సస్‌లో ఇంటింటి మనుషుల పేర్లూ దొరుకుతాయి. వీటన్నిటిలో ఇంటిపేర్ల పని చేసేవాళ్లకు ప్రాణం లాంటిది 1881 సెన్సస్. రైళ్లు వచ్చి నలభై ఏళ్లు దాటినా, అరుదైన పేర్లు చాలావరకు పుట్టిన గూటి దగ్గరే కనబడతాయి. మ్యాపులో పెడితే అటెన్‌బరోలు నాటింగ్‌హామ్‌షైర్‌లోనూ, ఆనుకుని ఉన్న డెర్బీషైర్‌లోనూ ముద్దగా ఉంటారు. ఆరు వందల ఏళ్లలో పేరు నడిచిన దూరం చాలామందికి ఒక రోజు ఎడ్లబండి ప్రయాణం.

ఎందుకు కదల్లేదంటే అక్కడే పని దొరికింది కాబట్టి. మేజోళ్లు అల్లే మగ్గాన్ని 1589లో తయారుచేసిన విలియం లీ నాటింగ్‌హామ్ దగ్గరి కాల్వర్టన్ మనిషి. ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా ఈ ప్రాంతంలో ఇంటింటా ఆ మగ్గమే. 1813లో జాన్ లీవర్స్ లేస్ యంత్రం వచ్చాక బీస్టన్, స్టేపిల్‌ఫర్డ్, లాంగ్ ఈటన్ ఊళ్లన్నీ లేస్ మీద బతికాయి. మగవాళ్లు యంత్రం మీద, ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని యంత్రం నేసిన వల మీద సూదితో పువ్వులు కుట్టేవాళ్లు. ఆ కుట్టేవాళ్లను లేస్ రన్నర్లు అనేవాళ్లు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత మళ్లీ వస్తుంది.

కదిలినవాళ్లు కూడా ఉన్నారు. ఇదే ప్రాంతపు లేస్ పనివాళ్లు ఫ్రాన్స్‌లోని కాలే పట్నానికి పోయారు. 1848లో అక్కడ గొడవలు వచ్చాక కొందరు అక్కణ్ణుంచి ఆస్ట్రేలియా ఓడలెక్కారు. లండన్‌లో 19వ శతాబ్దంలో అటెన్‌బరో పేరుతో తాకట్టు దుకాణాలుండేవి, ఆ పేరు చెబితే జనానికి వాచీ కుదువ పెట్టడమే గుర్తొచ్చేంత పేరున్నవి. మా క్లయింట్ ఈ సంగతి విని మొదట నొచ్చుకున్నారు. నాకైతే అది విలువైన సమాచారం. ఒక ప్రాంతపు పేరు రాజధానిలో ఒక వ్యాపారానికి అంటుకుందంటే, అన్న పోయి తమ్ముణ్ణి, తమ్ముడు పోయి మేనల్లుణ్ణి పిలిపించుకున్నారని అనుమానించాలి. గుంటూరు మిర్చి వ్యాపారులకైనా అంతే.

అచ్చులో ఉన్నంతవరకే మాట్లాడతాను అన్నాను కదా. డేవిడ్, రిచర్డ్‌ల తండ్రి ఫ్రెడరిక్ అటెన్‌బరో 1887లో పుట్టింది స్టేపిల్‌ఫర్డ్‌లో. అటెన్‌బరో ఊరికి అయిదారు కిలోమీటర్లు. ఆయన చదివింది ఆంగ్లోసాక్సన్ కాలపు ఇంగ్లిష్. ఆ కాలపు రాజుల చట్టాలను అనువాదంతో సహా 1922లో అచ్చువేశాడు. అడ్డ అనే మనిషి కోట కట్టుకున్న కాలపు భాషను, ఆ కోట పేరునే ఇంటిపేరుగా మోస్తున్న మనిషి చదివి బయటపెట్టాడన్నమాట. నాకు ఇది ఎంతో ఇష్టమైన సంగతి. 1932 నుంచి 1951 దాకా ఆయన లెస్టర్ యూనివర్సిటీ కాలేజీకి ప్రిన్సిపల్. గాంధీజీ మీద సినిమా తీసిన రిచర్డ్, తమ్ముడు డేవిడ్ పెరిగింది ఆ ఆవరణలోనే. తర్వాత విశ్వవిద్యాలయం అయిన అదే చోట 1984లో అలెక్ జెఫ్రీస్ డీఎన్ఏ వేలిముద్రల పద్ధతి కనిపెట్టాడు. ఇంగ్లిష్ ఇంటిపేర్లకూ రక్తానికీ ఉన్న సంబంధాన్ని తేల్చిన పరిశోధన కూడా అక్కడే జరిగింది.

డీఎన్ఏ ఏం చెప్పింది

వై క్రోమోజోమ్ అంటే మగవాళ్లలోనే ఉండే డీఎన్ఏ ముక్క, అది తండ్రి నుంచి కొడుక్కే వెళ్తుంది. ఇంటిపేరూ అంతే. కాబట్టి రెండూ జంటగా నడవాలి. లెస్టర్ పరిశోధకులు టూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ 40 బ్రిటిష్ ఇంటిపేర్లకు చెందిన 1,678 మంది మగవాళ్ల వై క్రోమోజోములు పోల్చి 2009లో ఫలితాలు ప్రకటించారు. స్మిత్ లాంటి పేర్లలో ఇద్దరు స్మిత్‌లు, దారిన పోయే ఇద్దరు మనుషుల కంటే దగ్గరివాళ్లేమీ కాదు. ఊరూరా కమ్మరి ఉన్నాడు, ఊరూరా స్మిత్ పుట్టాడు. పేరు అరుదయ్యేకొద్దీ పోలిక పెరుగుతుంది. రావెన్స్‌క్రాఫ్ట్, గ్రూకాక్, కెట్లీ లాంటి పేర్లలో పెద్ద గుంపులు ఒకే మూలం నుంచి వచ్చినట్టు తేలాయి. అటెన్‌బరోలలో అయితే పదిమందిలో దాదాపు తొమ్మిదిమందిది ఒకే రకం వై క్రోమోజోమ్.

ఈ లెక్క చూసి నేను మొదట పొంగిపోయాను. తాతగారి మొదటి గడి నిజమే అని క్లయింట్‌కు ఫోన్ చేసి చెప్పాను కూడా. ఆ తర్వాత పరిశోధకులు ఏమన్నారో నిదానంగా చదివాను. ఇప్పటి పోలికను బట్టి ఏడు వందల ఏళ్ల కిందట ఎంతమంది ఆ పేరుతో మొదలయ్యారో నమ్మకంగా చెప్పలేం అన్నారు వాళ్లు. తొమ్మిదిమంది ఒకే రకం కావడానికి ఒకే మూలపురుషుడు ఉండనక్కర్లేదు. పదిమంది మొదలై, తొమ్మిదిమంది వంశాలు ఆరిపోయినా ఇదే లెక్క వస్తుంది.

ఆరిపోవడం అంటే నమ్మకం కుదరదు చాలామందికి. ఇంగ్లిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1873లో ఈ ప్రశ్నే వేశాడు, పాస్టర్ హెన్రీ వాట్సన్ మరుసటి ఏడాది దానికి గణితం కట్టాడు. నేను క్లయింట్ ముందు కూర్చుని కాగితం మీద చేసి చూపించాను. ఒక్కొక్కరికి సగటున ఒక కొడుకు పెరిగి పెద్దవాడవుతాడు అనుకుందాం. కొందరికి ముగ్గురు, కొందరికి ఒక్కడూ ఉండడు. అలా అయితే వందమందిలో 37 మంది పేరు మొదటి తరంలోనే ఆగిపోతుంది. అయిదు తరాలకు మిగిలేది 27 పేర్లు. పది తరాలకు 16. ఇరవై తరాలకు, అంటే ఆరేడు వందల ఏళ్లకు, తొమ్మిది. కూతుళ్లు ఎంతమంది ఉన్నా ఈ లెక్కలోకి రారు. వాళ్ల రక్తం ఎక్కడికీ పోదు, పేరు పోతుంది. దీనికి తోడు 1348లో వచ్చిన ప్లేగు ఇంగ్లండ్ జనంలో మూడో వంతు నుంచి సగం దాకా తీసుకుపోయింది. ఇంటిపేర్లు ఇంకా లేతగా ఉన్న కాలం అది.

ఇక మిగిలిన ఆ కొద్ది వంశాలు తర్వాత ఎందుకంత పెద్దవయ్యాయి? 1801లో ఇంగ్లండ్, వేల్స్ కలిపి 89 లక్షల జనం. 1901కి మూడు కోట్ల పాతిక లక్షలు. అప్పటిదాకా బతికి బట్టకట్టిన పేరు ఆ పెరుగుదల మీద ఎక్కి కూర్చుంది. కాబట్టి ఇవాళ మనం చూసేది పుట్టుక కాదు, మిగులు.

నేను పొంగిపోయి ఫోన్ చేసి చెప్పిన మాట వెనక్కి తీసుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. "అయితే నేను పరీక్ష చేయించుకుంటాను" అన్నారు.

ఆయన ఫలితం

విశ్వవిద్యాలయం వాళ్ల శాంపిళ్లు పేర్లు లేకుండా ఉంచినవి, వాటితో ఒక్కొక్కరిని పోల్చడం కుదరదు. ఇదే ఇంటిపేరుతో సొంతంగా పరీక్ష చేయించుకుని ఫలితాలు అందరికీ తెరిచి పెట్టినవాళ్లతో పోల్చాం. ఆయనది ఒక్కరితోనూ కలవలేదు.

ఇక్కడ నేను రెండో తప్పు చేశాను, ఈ కేసు రాయడానికి అసలు కారణం అదే. ఫలితం కలవకపోతే కారణాలు రెండు. ఆ పేరుతో మొదలైన వేరే మూలపురుషుడి వంశం కావచ్చు. లేదా దారిలో ఎక్కడో పేరు ఒక దారిన, రక్తం ఒక దారిన పోయి ఉండొచ్చు. నేను అంతకు నెల ముందే ఆయనకు ఎంతోమంది మూలపురుషులు ఉండొచ్చని గంటలు గంటలు చెప్పాను. నా మాట మీద నాకే మోజు పుట్టింది. "చూశారా, మీది ఆరిపోకుండా మిగిలిన మరో వంశం" అన్నాను. ఆయన చాలా సంతోషించారు. కాగితాలు చూడకుండా అన్న మాట అది.

అనాల్సింది కాదు, ఎందుకంటే రెండో కారణం ఎవరి ఇంట్లోనైనా ఉండొచ్చు. 2012లో లెస్టర్‌లో కార్ పార్కింగ్ కింద దొరికిన రాజు మూడో రిచర్డ్ ఎముకల సంగతే తీసుకోండి. తల్లి వైపు డీఎన్ఏ బతికున్న బంధువులతో కలిసింది. తండ్రి వైపు రికార్డుల ప్రకారం కలవాల్సిన అయిదుగురిలో ఒక్కరితోనూ కలవలేదు. రాజవంశాల కాగితాలకంటే పక్కాగా ఎవరి కాగితాలుంటాయి? అలాగని ప్రతి పదిమందిలో ఒకరు అలాంటివాళ్లే అనే ప్రచారం కూడా తప్పు. ఇంటిపేర్ల పరిశోధన చేసిన జాబ్లింగ్ అంచనా తరానికి పాతికమందిలో ఒకరి కంటే తక్కువ. కానీ ఇరవై తరాలు వెనక్కి పోతే ఆ కొంచెం కొంచెమే కూడుతుంది.

నాకు మనసు ఊరుకోక తాతగారి చార్టును కిందనుంచి ఒక్కొక్క మెట్టూ మళ్లీ రికార్డులతో సరిచూశాను. నాలుగు తరాలు గట్టిగా నిలబడ్డాయి. అయిదో మెట్టు దగ్గర ఒక కుర్రవాడు. చార్టులో అతను ఒక మేజోళ్ల మగ్గం పనివాడి ఆఖరి కొడుకు. 1850లలో జరిగిన అతని పెళ్లి సర్టిఫికెట్‌లో తండ్రి పేరు గడిలో ఆ మగ్గం పనివాడి పేరే ఉంది. తాతగారు చూసింది ఇదే అయ్యుంటుంది. 1841 సెన్సస్‌లో కూడా ఇల్లు సరిగ్గా ఉంది. ముసలి దంపతులు, పాతికేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల పిల్లవాడు. అమ్మాయి పని లేస్ రన్నర్.

ముసలామె వయసు చూసి ఆగాను. ఆ వయసులో ఎనిమిదేళ్ల కొడుకు ఉండటం దాదాపు అసాధ్యం. 1841 సెన్సస్‌లో ఎవరికి ఎవరు ఏమవుతారో రాసే గడి లేదు. పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసు కూడా అయిదు గుణిజాల్లోకి తగ్గించి రాశారు, కాబట్టి పాతిక అంటే పాతిక నుంచి ఇరవైతొమ్మిది దాకా ఎంతైనా కావచ్చు. చుట్టరికం గడి 1851లో వచ్చింది. 1851 పేజీ తెరిస్తే ఆ కుర్రవాడి పక్కన ఒక్క మాట ఉంది: మనవడు.

తర్వాత బాప్తిస్మం రిజిస్టర్. 1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి. తల్లిదండ్రుల పేర్లకు ఒక గడి, తండ్రి వృత్తికి ఒక గడి. ఇతని ఎంట్రీలో తల్లి పేరు ఒక్కటే ఉంది. వృత్తి గడిలో పాస్టర్ "సింగిల్ ఉమన్" అని రాశాడు. ఆ లేస్ కుట్టే అమ్మాయి అక్క కాదు, అమ్మ. ఆమె తర్వాత పెళ్లి చేసుకుని వేరే ఇంటిపేరుతో వేరే ఊరు వెళ్లింది. పిల్లవాడు తాత దగ్గర పెరిగి, పెళ్లినాడు ఆ తాత పేరే తండ్రి గడిలో చెప్పాడు. ఆ రోజుల్లో చాలామంది అలాగే చెప్పేవాళ్లు.

అసలు తండ్రి ఎవరో వెతికాను. 1834కు ముందు ఇలాంటి బిడ్డ పుడితే పోషణ ఖర్చు పారిష్ మీద పడకుండా తండ్రి పేరు రాబట్టి పత్రం రాయించుకునేవాళ్లు. ఆ పారిష్‌లో అలాంటి పత్రాలు కొన్ని మిగిలాయి. ఇతనిది లేదు.

క్లయింట్‌కు ఈ మాట ఫోన్‌లో చెప్పలేదు. ఇంటికి వెళ్లాను. చెప్పే ముందు నాకు చాలా టెన్షన్‌గా ఉంది, ఎందుకంటే ఆయనకు డెబ్బై దాటాయి, ఆ చుట్టను చిన్నప్పటినుంచి భద్రంగా దాచుకున్నారు. ముందు నా రెండో తప్పు ఒప్పుకున్నాను. తర్వాత నాలుగు కాగితాలు వరసగా పెట్టి, 1841, 1851, బాప్తిస్మం, పెళ్లి, ఒక్కొక్కటే చదివించాను. ఆయన బాప్తిస్మం పేజీ దగ్గర చాలాసేపు ఆగారు.

"అయితే ఈ పేరు మాకు ఆమె ఇచ్చింది" అన్నారు.

అవునన్నాను. ఆమె తండ్రి నుంచి ఆమెకు, ఆమె నుంచి మీకు. రక్తం అయితే ఆమె ద్వారా మీరూ అటెన్‌బరోలే, వై క్రోమోజోమ్ పరీక్షకు ఆమె కనపడదు, అంతే.

తాతగారి చార్టు మీద ఆయన ఏమీ దిద్దలేదు, దిద్దనివ్వలేదు కూడా. అది తాతగారి చేతిరాత. కొత్త కాగితం తెప్పించి, వాళ్లమ్మాయి చేత మొదటినుంచి గీయించారు. పైన "మొదటి అటెన్‌బరో" గడి లేదు. ఊరిపేరు రాసి, కింద కొన్ని చుక్కలు పెట్టించారు. అయిదో మెట్టు దగ్గర తండ్రి గడి ఖాళీగా వదిలి, తల్లి గడిలో ఆమె పేరు పెద్ద అక్షరాలతో రాయించారు. వృత్తి దగ్గర మాత్రం పెన్ను ఆయనే అందుకుని, పాస్టర్ రాసిన మాట కాకుండా "లేస్ రన్నర్" అని రాశారు.